రోటరులో ఎనిమిది లక్షల వాట్లు
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసానికి పిలుస్తూ మాస్టారి అబ్బాయి ఒక షరతు పెట్టారు. "నాన్నగారి పేరు బ్యానరు మీద ఉంటే చాలండీ, మీరు మళ్ళీ మళ్ళీ తల్చుకోవద్దు. స్మారక సభల్లో పోయినవాళ్ళని పొగడటానికే సగం పొద్దు గడుస్తుందని ఆయన చిరాకుపడేవారు" అన్నారు. అందుకని ఈ గంటా ఆయన్ని మాస్టారు అనే అంటాను. మాకు విద్యుత్ యంత్రాలు బోధించిన మాస్టారు.

ఈ విషయం నేను ఎంచుకున్నది కాదు. ఆయన మంచాన పడ్డాక ఒకసారి చూడటానికి వెళ్ళాను. యోగక్షేమాలు అయ్యాక, "ఏమోయ్, ఆ అతివాహక జనరేటరు ఎందాకా వచ్చింది?" అని అడిగారు. "ఇంకా రాలేదండీ" అన్నాను. "రాలేదా, మీరు రానివ్వలేదా?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ముప్పయ్యేళ్ళు థర్మల్ కేంద్రంలో జనరేటర్ల మెయింటెనెన్సు చూసినవాణ్ణి కాబట్టి ఆ 'మీరు'లో నేనూ ఉన్నాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇవాళ చెబుతాను.

అసలు జబ్బు ఎక్కడుందో ముందు చూద్దాం. మన రాష్ట్రాల్లో ఎక్కువ కాలం పనిచేసిన 210 మెగావాట్ల జనరేటరునే తీసుకోండి. పెద్ద ఓవర్‌హాల్‌కి యూనిట్ ఆపినప్పుడు దాంట్లో తిరిగే భాగాన్ని, అంటే రోటరును, బయటికి లాగుతారు. జనరేటరులో చల్లదనానికి నింపిన హైడ్రోజన్‌ను ముందు కార్బన్ డయాక్సైడ్‌తో తరిమి, తర్వాత గాలి నింపుతారు. ఆ పని సాగినంతసేపూ అగ్గిపెట్టెలు గేటు దగ్గరే ఉండిపోతాయి. ఆ తర్వాత నలభై టన్నులు దాటిన ఉక్కు దుంగ, ఒక కొస క్రేనుకు వేలాడుతూ, అంగుళం అంగుళం కదులుతూ, కదలని భాగమైన స్టేటరు కడుపులోంచి వస్తుంది. అది ఎక్కడైనా రాసుకుంటుందేమోనని చుట్టూ టార్చిలైట్లు పట్టుకుని నిలబడతాం. పురిటి గది బయట ఉన్నట్టుంటుంది, ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఆ దుంగ నిజానికి ఒక విద్యుదయస్కాంతం, అంతే. ఉక్కులో గాళ్ళు కోసి, వాటిలో రాగి పట్టీలు పేర్చి, చీలలు దిగ్గొట్టి, కొసలకి ఉక్కు కడియాలు తొడిగారు. పూర్తి లోడు మీద ఆ రాగిలో 310 వోల్టుల దగ్గర 2600 ఆంపియర్ల డీసీ కరెంటు పారుతుంది. రెండూ గుణిస్తే సుమారు ఎనిమిది లక్షల వాట్లు. వీటిలో ఒక్క వాటు కూడా మీ ఇంటికి రాదు. స్థిరంగా నిలిచిన అయస్కాంత క్షేత్రానికి తిండి అక్కర్లేదు. ఒకసారి నిలబెట్టామంటే దాన్ని అలాగే ఉంచడానికి సిద్ధాంతరీత్యా ఏమీ ఖర్చు కాదు. మనం ఖర్చు పెడుతున్నదంతా రాగి అడ్డుపడుతున్నందుకు, దాన్ని వేడెక్కించడానికి. మళ్ళీ ఆ వేడిని తీసెయ్యడానికే హైడ్రోజన్, దాని సీళ్ళు, ఆయిలు పంపులు, అగ్గిపెట్టెల మీద నిషేధం. ఏడాదికి ఏడు వేల గంటలు నడిస్తే ఆ వేడి 56 లక్షల యూనిట్లు. నెలకి వంద యూనిట్లు కాల్చే నాలుగున్నర వేల ఇళ్ళకి ఏడాదంతా సరిపోయే కరెంటు.

అడ్డుపడని తీగ ఉంటే? అక్కడే మొదలవుతుంది ఈ కథ.

అలాంటి తీగ ఉందని 1911 ఏప్రిల్ 8న తెలిసింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ ఊళ్ళో హైకె కామర్లింగ్ ఓనెస్ ప్రయోగశాలలో పాదరసాన్ని ద్రవ హీలియంలో చల్లబరుస్తున్నారు. మైనస్ 269 డిగ్రీల దగ్గర, అంటే 4.2 కెల్విన్ దగ్గర, దాని నిరోధం మీటరు పట్టుకోలేనంతగా పడిపోయింది. దీన్నే అతివాహకత అంటారు. మీటరు చూస్తున్నది ఆయన సహాయకుడు గిలెస్ హోల్స్ట్. పేరు మాత్రం ఓనెస్‌కే దక్కింది. ఇలాంటివి ఏ దేశంలోనైనా మామూలే. మూడేళ్ళ ముందు, 1908లో, ప్రపంచంలో మొదటిసారి హీలియంను ద్రవంగా మార్చింది కూడా ఆయన ప్రయోగశాలే కాబట్టి అంత చలి అప్పట్లో ఇంకెక్కడా లేదు.

ఓనెస్ బుర్ర ఆచరణకి పదునైనది. ఈ తీగతో లక్ష గాస్‌ల అయస్కాంతం చుట్టవచ్చని 1913కే లెక్కలు వేశాడు. సీసం తీగతో చుట్టి చూస్తే కొన్ని వందల గాస్‌లకే దాని అతివాహకత చచ్చిపోయింది. తాను పుట్టించిన అయస్కాంతాన్ని తానే భరించలేని తీగ! ఆ చిక్కు విడటానికి సుమారు యాభై ఏళ్ళు పట్టింది. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కుంజ్లర్ బృందం నియోబియం, తగరం కలిసిన ఒక సమ్మేళనం 88 వేల గాస్‌ల క్షేత్రంలో కూడా బ్రహ్మాండమైన కరెంటు మోస్తుందని చూపించింది. కొద్ది కాలానికే నియోబియం–టైటానియం తీగ వచ్చింది. వంచితే వంగుతుంది, చుడితే చుట్టుకుంటుంది. ఆస్పత్రుల్లో ఎంఆర్ఐ యంత్రం కడుపులో ఉన్నది సాధారణంగా ఆ తీగే.

తీగ దొరికింది కదా, ఇక జనరేటరంతా దానితోనే చుట్టేస్తే పోలేదా? కుదరదు. అతివాహక తీగ డీసీకి మాత్రమే పూర్తిగా లొంగుతుంది. ఏసీ పారితే, లేదా చుట్టూ క్షేత్రం ఊగితే, లోపల వేడి పుడుతుంది. స్టేటరులో సెకనుకి యాభైసార్లు ఊగే కరెంటు కాబట్టి అక్కడ రాగే ఉండాలి. డీసీ నడిచేది రోటరులో. కాబట్టి చల్లగా ఉండాల్సింది తిరిగేదే. ప్రకృతి మన ఇంజినీర్ల మీద వేసిన పెద్ద జోకు ఇదని మాస్టారు అనేవారు. కదలకుండా కూర్చునే స్టేటరును చల్లబరచడం తేలిక, అది మనకి అక్కర్లేదు. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేదాన్ని దాదాపు అంతరిక్షమంత చల్లగా ఉంచాలి.

ఆ చుట్లంటే ఏమిటో చూడండి. రోటరు వ్యాసం ఒక మీటరు అనుకుందాం. అంచు దగ్గర ఉన్న వస్తువు మీద భూమి ఆకర్షణకి సుమారు ఐదు వేల రెట్ల బలం పనిచేస్తుంది. ఒక గ్రాము బరువు ఐదు కిలోలైపోతుంది. ఈ బలం కింద తీగచుట్ట వెంట్రుకవాసి జరిగినా రాపిడికి కొద్దిగా వేడి పుడుతుంది. బయట అయితే దాన్ని పట్టించుకోం. కానీ 4 కెల్విన్ దగ్గర రాగి ఉష్ణధారణ మన గది వేడిమిలో ఉన్నదాంట్లో వేల వంతుకి పడిపోతుంది. గోరువెచ్చని చెంబెడు నీళ్ళు పోస్తే గంగాళం మరిగిపోయినట్టుంటుంది. తీగలో ఒక చోట అతివాహకత పోతుంది, అక్కడ నిరోధం పుడుతుంది, వేడి పక్కకి పాకుతుంది, క్షణాల్లో మొత్తం చుట్ట మామూలు లోహమైపోతుంది. దీన్ని క్వెంచ్ అంటారు. ద్రవ హీలియం ఆవిరై ఏడు వందల రెట్లు ఉబ్బుతుంది. దానికి దారి చూపకపోతే రోటరు బాంబే.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. టర్బైను షాఫ్టు వేడిగా ఉంటుంది, రోటరు లోపలి చుట్ట చల్లగా ఉంటుంది. రెండింటినీ కలపాలి, ఎందుకంటే తిప్పే బలమంతా ఆ అతుకు మీదుగానే దాటాలి. బలం దాటాలంటే అతుకు మందంగా ఉండాలి, వేడి దాటకూడదంటే పల్చగా ఉండాలి. ఇంజినీర్లు పల్చటి ఉక్కు గొట్టం పెట్టారు. రోటరులో ఆవిరైన చల్లటి హీలియంను ఆ గొట్టం వెంబడే వెనక్కి పంపి, దారిలో వచ్చే వేడిని అదే మింగేసేలా చేశారు. ఈ ఏర్పాటు బొమ్మ మాస్టారు బోర్డు మీద రంగు సుద్దలతో వేసేవారు: ఎర్రసుద్ద వేడి, నీలిసుద్ద హీలియం. గొట్టం మధ్యలో ఎరుపు నీలంగా మారే చోట కాసేపు ఆగి, మా వైపు తిరిగి చూసేవారు. ఆ బొమ్మ నా నోట్సులో ఇప్పటికీ ఉంది, రంగు పెన్సిళ్ళతో.

ఇంత కష్టమైన పని చేసి చూపించారు. అమెరికాలో ఎంఐటీలో హెర్బర్ట్ వుడ్సన్ బృందం 1960ల చివర్లో చిన్న యంత్రంతో మొదలుపెట్టింది. జోసెఫ్ స్మిత్ బృందం దాన్ని మెగావాట్ల స్థాయికి తెచ్చింది. వెస్టింగ్‌హౌస్ 1972లో 5 ఎంవీఏ యంత్రం, ఆ తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ 20 ఎంవీఏ యంత్రం నడిపాయి. సోవియట్ యూనియన్‌లో, లెనిన్‌గ్రాడ్‌లో, మరో 20 ఎంవీఏ యంత్రం తయారైంది. దాని సంగతి మళ్ళీ చెబుతాను, మరిచిపోకండి. అమెరికా విద్యుత్ సంస్థల పరిశోధనా సంస్థ ఎప్రీ, వెస్టింగ్‌హౌస్ కలిసి ఏకంగా 300 ఎంవీఏ జనరేటరు పని పట్టాయి. అది 1980ల మొదట్లో మధ్యలోనే ఆగిపోయింది.

తీగ తెగిందా? రోటరు పగిలిందా? అదేం లేదు. అప్పటికి కొనేవాడు లేడు. 1973 చమురు సంక్షోభానికి ముందు అమెరికాలో కరెంటు వాడకం ఏటా ఏడు శాతం పెరిగేది, అంటే పదేళ్ళకోసారి రెట్టింపు. ఇంకా ఇంకా పెద్ద జనరేటర్లు కావాలి, రాగి రోటర్లు ఆ సైజుకి చాలవు, కాబట్టి అతివాహకమే దిక్కు అనుకున్నారు. సంక్షోభం తర్వాత ఆ పెరుగుదల చతికిలబడింది. మామూలు జనరేటర్లనే కొనడం మానేసినవాళ్ళు కొత్త రకాన్ని ఎందుకు కొంటారు?

ఇది బయటికి చెప్పే కారణం. నాలాంటి మెయింటెనెన్సువాడి నోట ఇంకో కారణం వినండి. ఆ 56 లక్షల యూనిట్లే తీసుకోండి. అతివాహక రోటరు పెడితే అవి మిగులుతాయి. కానీ శీతల యంత్రం ఊరికే పనిచేయదు. 4.2 కెల్విన్ దగ్గర లోపలికి చొరబడిన ఒక్క వాటు వేడిని బయటికి తోడాలంటే ఆచరణలో వందల నుంచి వెయ్యి వాట్ల దాకా ఖర్చవుతుంది. వంద వాట్ల వేడి చొరబడిందనుకుంటే లక్ష వాట్లు, ఏడాదికి ఏడు లక్షల యూనిట్లు. పోగా మిగిలేది 49 లక్షలు. బాగానే ఉంది. ఇప్పుడు ఆ యూనిట్ ఒక్క రోజు ఆగితే పోయేది ఎంత? 210 మెగావాట్లు, 24 గంటలు: 50 లక్షల యూనిట్లు.

ఏడాది పొదుపు, ఒక్క రోజు ఆగుదల సమానం.

బొగ్గు మిగులుతుంది కదా అని ఎవరైనా అంటారేమో. బొగ్గు మిగులుతుంది, నిజమే. ఆ రోజు బయట కొన్న కరెంటు ధర, నూనె పోసి బాయిలరు మళ్ళీ వెలిగించే ఖర్చు మాత్రం మిగలవు. స్టేటరు నష్టాలు కూడా తగ్గుతాయంటారు, అదీ నిజమే. పెద్ద యంత్రంలో మొత్తం మీద అర శాతం దాకా సామర్థ్యం పెరుగుతుందని అంచనాలు. అన్నీ కలిపితే ఒక్క రోజు కాస్తా రెండు రోజులవుతుంది, అంతే. పైగా రాగి రోటరుకి జబ్బు చేస్తే మర్నాడే కవరు విప్పి చూస్తాం. అతివాహక రోటరును వేడెక్కించడానికి కొన్ని రోజులు, మళ్ళీ చల్లార్చడానికి కొన్ని రోజులు. మా షిఫ్టు ఇంజినీర్ల భాషలో చెప్పాలంటే, ఇప్పటికే నూటికి తొంభై ఎనిమిదిన్నర మార్కులు తెచ్చుకునే పిల్లాణ్ణి తొంభై తొమ్మిది కోసం వేరే ఊరి హాస్టల్లో వేసినట్టు.

మాస్టారూ, మేం రానివ్వలేదు, అవును. తప్పు మా ఒక్కరిది కాదు. మీరు దాన్ని సామర్థ్యం పేరు చెప్పి అమ్మబోయారు. మా దుకాణంలో ఆ సరుక్కి గిరాకీ లేదు.

జపానువాళ్ళు ఈ లెక్క తెలిసి కూడా పట్టు వదల్లేదు. సూపర్-జీఎం అనే పేరుతో తయారీ సంస్థలు, విద్యుత్ కంపెనీలు ఒక సంఘంగా ఏర్పడి, 1988 నుంచి 1999 దాకా 70 మెగావాట్ల స్థాయి నమూనాలు చేశాయి. మూడు రకాల రోటర్లు చేసి, కన్సాయ్ ఎలక్ట్రిక్ వారి ఒసాకా విద్యుత్ కేంద్రంలో ఒకే స్టేటరులో మార్చి మార్చి పరీక్షించారు. 1997లో అందులో ఒకటి 79 మెగావాట్లు ఇచ్చింది. అతివాహక జనరేటరు అప్పటిదాకా ఎక్కడా అంత ఇవ్వలేదు. పరీక్షలన్నీ నెగ్గింది. ఆ తర్వాత దానికి ఒక్క ఆర్డరూ రాలేదు. ఈ రంగంలో నాకు చాలా బాధ కలిగించే వాక్యం ఇదే. ఓడిపోయిన యంత్రాన్ని సరిదిద్దవచ్చు, నెగ్గి ఇంట్లో కూర్చున్న యంత్రాన్ని ఏం చేస్తాం?

మన హైదరాబాదు కూడా ఈ కథలో ఉంది. బీహెచ్ఈఎల్ కార్పొరేట్ పరిశోధన విభాగం ఇక్కడే 200 కేవీఏ అతివాహక జనరేటరును తయారుచేసి నడిపింది. 200 కేవీఏ అంటే ఎంతో కాదు. ఊళ్ళల్లో స్తంభాల మధ్య గద్దె మీద కూర్చుండే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండింటి పాటి. కానీ తిరిగే హీలియం, వేడిని ఆపడానికి దాని చుట్టూ తిరిగే శూన్యం, తిరిగే సీలు, అన్నీ అంత చిన్నదాంట్లోనూ ఉండాల్సిందే. చిన్నదైన కొద్దీ వేడి చొరబాటు నిష్పత్తిలో ఎక్కువ కూడా. ఆ తర్వాత అదే విభాగం కొత్త రకం తీగతో 200 కిలోవాట్ల మోటారు కూడా చేసింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ రెండింటికీ చెరో పేరా అయినా దక్కలేదు.

కొత్త రకం తీగ అన్నాను. 1986లో జూరిక్ ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ ఒక రకం పింగాణీలో అతివాహకత కనిపెట్టారు. మరుసటి ఏడాదికల్లా ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థం 93 కెల్విన్‌కే, అంటే మైనస్ 180 డిగ్రీలకే అతివాహకమైంది. ద్రవ నైట్రోజన్ మైనస్ 196. అంటే నైట్రోజన్ చాలు, హీలియం అక్కర్లేదు.

ఆ రోజుల్లో మాస్టారు ఎక్కడో సంపాదించిన నల్లటి బిళ్ళ ఒకటి క్లాసుకి తెచ్చారు, రూపాయి బిళ్ళంత. నైట్రోజన్ మాత్రం మా పక్కనున్న పశువుల ఆస్పత్రి నుంచి వచ్చింది. గేదెలకి కృత్రిమ గర్భధారణ చేయడానికి వీర్యాన్ని ద్రవ నైట్రోజన్ క్యానులోనే దాస్తారు కదా. డాక్టరు గారు ఒక ఫ్లాస్కు నింపి ఇచ్చారు. స్టీలు గిన్నెలో పోస్తే కాగిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చిటపటలాడి, కాసేపటికి సద్దుమణిగింది. బిళ్ళ ముంచి, పైన చిన్న అయస్కాంతం వదిలారు. అది గాల్లో నిలబడింది. మాస్టారు దాన్ని వేలితో తిప్పి వదిలితే బొంగరంలా తిరుగుతూనే ఉంది. వెనక బెంచీ వాళ్ళం బల్లలెక్కి చూశాం. "హీలియం ఓడల మీద రావాలి. ఇది మన మండలం పశువుల ఆస్పత్రిలో ఉందర్రా" అన్నారు.

ఆయన మాట ముప్పాతిక వంతు నిజం. మన దేశం హీలియంను దాదాపు మొత్తంగా దిగుమతి చేసుకుంటుంది, నైట్రోజన్ గాల్లో ఉంది. అయితే జనరేటరు రోటరులో క్షేత్రం బలమైనది, ఆ క్షేత్రంలో ఈ పింగాణీ 77 కెల్విన్ దగ్గర కావలసినంత కరెంటు మోయదు. దాన్ని 30 కెల్విన్ ప్రాంతానికి చల్లార్చాలి. పశువుల ఆస్పత్రి క్యాను చాలదు. కానీ ఆ చలికి ద్రవ హీలియం తొట్టె అక్కర్లేదు, బీరువాలో పట్టే క్రయోకూలరు చాలు. ఒక్క వాటు తోడటానికి వెయ్యి వాట్లు కాదు, వంద లోపే సరిపోతాయి. పింగాణీ అప్పడంలా విరుగుతుంది కాబట్టి లోహపు పట్టీ మీద మైక్రాన్ల మందాన పూత పూసి టేపుగా చేస్తారు. ఖరీదు ఇంకా రాగి పక్కన నిలబడలేదు.

ఆ టేపుతో చేసిన రోటరు ఒకటి నిజంగా గాలి మరలోకి ఎక్కింది. డెన్మార్క్ పడమటి తీరంలో థ్యుబొరోన్ అనే ఊరు. అక్కడ ఎన్విజన్ సంస్థ గాలి మర ఒకటి ఉంది, రెండే రెక్కలది, 3.6 మెగావాట్లది. యూరోపియన్ యూనియన్ నిధులతో ఎకోస్వింగ్ అనే ప్రాజెక్టు కింద దాంట్లోని జనరేటరు తీసేసి అతివాహక జనరేటరు పెట్టారు. అది 2019లో గ్రిడ్‌కి 650 గంటల పైన కరెంటు ఇచ్చింది, 3 మెగావాట్లు దాటింది. కొత్త జనరేటరు వ్యాసం 4 మీటర్లు, పాతదానికి ఐదు మీటర్లకి పైన.

ఇక్కడ అది ఎందుకు నెగ్గిందో గమనించండి. గేరుపెట్టె లేని గాలి మర నిమిషానికి పదిహేను చుట్లు తిరుగుతుంది. ఐదు వేల రెట్ల బలం లేదు, దాదాపు ఏ బలమూ లేదు. యంత్రం పరిమాణాన్ని నిర్ణయించేది దాని తిప్పుబలం. నెమ్మదిగా తిరిగేకొద్దీ అదే కరెంటుకి అంత ఎక్కువ తిప్పుబలం కావాలి కాబట్టి నెమ్మదైన జనరేటరు ఎప్పుడూ భారీగా ఉంటుంది. శాశ్వత అయస్కాంతాల రకమైతే వందల కిలోల నియోడైమియం పోయాలి, అది ఎక్కువగా చైనా నుంచి రావాలి. ఆ బరువంతా వంద మీటర్ల ఎత్తున కూర్చోవాలి. అక్కడ ఒక టన్ను తగ్గితే స్తంభంలో, పునాదిలో, క్రేనులో, ఓడలో డబ్బు మిగులుతుంది. అక్కడ అర శాతం సామర్థ్యం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఓడల విషయంలోనూ అంతే. అమెరికా నౌకాదళం కోసం చేసిన 36.5 మెగావాట్ల అతివాహక మోటారు 2009లో ఫిలడెల్ఫియాలో పూర్తి లోడు పరీక్ష నెగ్గింది. ఓడలో అడుగు చోటు అడుగే కదా.

మరి నేల మీద, మన గ్రిడ్‌లో దీనికి చోటు లేదా? లెనిన్‌గ్రాడ్ యంత్రం సంగతి మరిచిపోవద్దన్నాను. దాన్ని నగర గ్రిడ్‌కి కలిపి సింక్రనస్ కండెన్సరుగా నడిపారు. అంటే టర్బైను లేని జనరేటరు. యూనిట్లు పుట్టించదు, గ్రిడ్‌తో పాటు ఊరికే తిరుగుతూ రియాక్టివ్ పవరు ఇస్తుంది, పుచ్చుకుంటుంది. రియాక్టివ్ పవరంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను ఏతం చెబుతాను. ఏతం దూలం మీద మనిషి ముందుకీ వెనక్కీ నడుస్తాడు. ఆ నడక పొలంలోకి పారదు, పారేది నీళ్ళే. కానీ నడక ఆగితే నీళ్ళు లేవు. వోల్టేజిని నిలబెట్టేది ఆ నడక.

అమెరికాలోనూ అంతే జరిగింది. టెనెసీ రాష్ట్రం గాలటిన్‌లో ఒక ఉక్కు కర్మాగారం పక్కన, ఆర్క్ కొలిమి కరెంటు లాగినప్పుడల్లా లైనులో వోల్టేజి గిలగిల్లాడే చోట, టెనెసీ వేలీ అథారిటీ 2000ల దశకంలో 8 ఎంవీఏఆర్ అతివాహక కండెన్సరు పెట్టి చూసింది. టర్బైను లేదు, బాయిలరు లేదు. అది ఆగితే బ్రేకరు తెరుచుకుంటుంది, ఎవరింట్లోనూ దీపం ఆరదు. నా పాత లెక్కలో ఒక్క రోజు ఆగుదలకి 50 లక్షల యూనిట్లు రాశాం కదా, ఇక్కడ ఆ గడిలో సున్నా రాయాలి.

ఇది మనకి ఎందుకంటారా? 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైనప్పుడు మనకి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మనం గొప్పవాళ్ళమని కాదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో డీసీ లింకుల ద్వారానే కలిసి ఉంది, ఒకే లయలో లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కేవీ లైను కలిశాక దేశమంతా ఒకే కాడి కింద ఎడ్లమయ్యాం. కాడి బిగువుగా ఉండాలి. ఒక ఎద్దు తడబడితే పక్కది లాగి నిలబెట్టాలి. ఇన్నాళ్ళూ ఆ బిగువు ఇచ్చింది థర్మల్, జల కేంద్రాల్లో తిరిగే రోటర్లే. ఇప్పుడు కర్నూలు ప్రాంతంలో గని, శకునాల దగ్గర చూడండి: 2017 నుంచి వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు. కరెంటు బోలెడు, తిరిగేది ఒక్కటీ లేదు. దక్షిణ ఆస్ట్రేలియాకి ఇదే ఇబ్బంది వచ్చి, 2021లో నాలుగు మామూలు సింక్రనస్ కండెన్సర్లు ఫ్లైవీళ్ళతో సహా పెట్టుకుంది.

అతివాహక కండెన్సరు అక్కడ ఏం అదనంగా ఇస్తుంది? దాంట్లో ఇనుప పళ్ళు లేవు కాబట్టి లోపలి సింక్రనస్ రియాక్టెన్స్ మామూలు యంత్రంలో నాలుగో వంతు, ఇంకా తక్కువ కూడా. కాడి భాషలో చెప్పాలంటే మామూలు యంత్రం తాడుతో కట్టిన ఎద్దు, ఇది కర్రతో బిగించిన ఎద్దు. వోల్టేజి పడితే అడక్కుండానే లోపల్నుంచి కరెంటు తోస్తుంది. అయితే ఒక సంగతి దాచకూడదు. తేలికైన రోటరు కాబట్టి దాని జడత్వం తక్కువ. ఫ్రీక్వెన్సీ పడకుండా పట్టుకోవాలంటే దానికి ఫ్లైవీలు తోడు పెట్టాల్సిందే. బరువు తగ్గించి అమ్మేవాళ్ళు ఆ మాట సన్న అక్షరాల్లో వేస్తారు.

నా తీర్పు ఇది. 500, 800 మెగావాట్ల టర్బైనుకి అతివాహక రోటరు తగిలించే ఆలోచన ఇప్పట్లో మానుకోవాలి. ఆ ఆశే యాభై ఏళ్ళు ఈ యంత్రాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. పెద్దింటి పెళ్ళికి ముందు చిన్న వంట చేసి చూపించాలి. రెండు రాష్ట్రాల ట్రాన్స్‌మిషన్ సంస్థల పెద్దలు ఈ హాలులో ఉన్నారు కాబట్టి వారినే అడుగుతున్నాను: సోలారు పార్కు పక్కన ఒక్క సబ్‌స్టేషనులో, ఒక్క 10 ఎంవీఏఆర్ కండెన్సరుకి స్థలం, బ్రేకరు ఇవ్వండి. పేరు ప్రయోగం అనే పెట్టండి, ఆగిపోతుందని ముందే రాసి పెట్టుకోండి. మూడేళ్ళు నడపండి. రోజూ ఎన్ని గంటలు నడిచింది, ఎందుకు ఆగింది, మళ్ళీ చల్లబడటానికి ఎంతసేపు పట్టింది అని లాగ్‌బుక్కులో మన కుర్రాళ్ళ చేత రాయించండి. షిఫ్టు ఇంజినీరుకి నమ్మకం కలిగేది లాగ్‌బుక్కుతోనే, పరిశోధనా పత్రంతో కాదు.

విద్యార్థులకి ఒక్క మాట. మాస్టారి పాత నోట్సులు నాలుగు వాళ్ళబ్బాయి నాకు ఇచ్చారు. రోటరు చల్లబరిచే లెక్కలన్నీ చేత్తో వేసినవి, ఎర్రసుద్ద నీలిసుద్ద బొమ్మతో సహా. మూడో పుస్తకంలో ఒక లెక్క సగంలో ఆగి ఉంది, కండెన్సరుదే. దాన్ని పూర్తి చేద్దామనుకునేవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి. పుస్తకాలు సంచిలోనే ఉన్నాయి, పట్టుకెళ్ళండి.